“పాలు పడవు” అన్న మాటకు అర్థాలు రెండు

(సంఘ సమావేశంలో చదివి వినిపించుటకు)



పాలు పోసి బతికే మనం పాల వల్ల వచ్చే జబ్బు గురించి మాట్లాడుకోవడమేమిటని కొందరికి అనిపించవచ్చు. కాని మన పాలు తాగేవారిలో పసిపిల్లలు ఎందరో ఉన్నారు. వారిలో కొద్దిమందికి పాలు సరిపడవు. ఆ సంగతి మనకే తెలియకపోతే, “ఏం ఫరవాలేదమ్మా, రోజూ ఒక చెంచా పట్టు, అదే అలవాటవుతుంది” అని చెప్పి, మనమే ఒక బిడ్డకు ప్రమాదం తెచ్చిపెట్టవచ్చు. అందుకే ఈ పాఠం.

ఒక మాట, రెండు జబ్బులు

“నాకు పాలు పడవు” అనేవారు ప్రతి ఊరిలోనూ ఉంటారు. ఈ ఒక్క మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి.

మొదటిది పాలలోని చక్కెరకు సంబంధించినది. దాని పేరు లాక్టోజు. అది అరగాలంటే చిన్నప్రేగులో లాక్టేజు అనే ఎంజైము ఉండాలి. చంటితనంలో ఇది పుష్కలంగా ఉండి, వయసు పెరిగేకొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. దక్షిణ భారతదేశంలో ఇటువంటివారు ఎక్కువ. అరగని లాక్టోజు పెద్దప్రేగుకు చేరి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులుస్తుంది. కడుపుబ్బరం, నొప్పి, విరేచనాలు కలుగుతాయి. ఇబ్బందే గాని ప్రాణభయం లేదు. వీరిలో చాలామంది కొద్దిపాటి పాలు తాగగలరు. పెరుగు, మజ్జిగ ఇంకా బాగా సరిపడతాయి. తోడులోని సూక్ష్మజీవులు లాక్టోజులో కొంత భాగాన్ని ముందే ఖర్చు చేసివేయడమే ఇందుకు కారణం.

రెండవది ఎలర్జీ. ఇది చక్కెర వల్ల కాదు, పాలలోని మాంసకృత్తుల వల్ల వస్తుంది. కేసీను, బీటా లాక్టోగ్లోబ్యులిను వీటిలో ముఖ్యమైనవి. ఎలర్జీ తీవ్రంగా ఉన్న బిడ్డకు ఒక చెంచా పాలు కూడా ఎక్కువే.

ఒంట్లో జరిగేదేమిటి?

“ఎలర్జీ” అనే మాటను 1906లో ఆస్ట్రియా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే వాడుకలోకి తెచ్చారు. 1921లో జర్మనీ వైద్యులు ప్రౌస్నిట్జ్, కూస్ట్నర్ ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. కూస్ట్నర్‌కు చేపలు పడవు. ఆయన రక్తంలోని తేటను ప్రౌస్నిట్జ్ తన చర్మంలోకి ఎక్కించుకుని, మరునాడు అదే చోట చేప సారాన్ని ఎక్కించుకున్నారు. అక్కడ దద్దురు లేచింది. ఎలర్జీని కలిగించేదేదో రక్తంలోనే ఉన్నదని దీనితో తేలింది. అది ‘ఐజి-ఇ’ అనే ప్రతిరక్షక పదార్థమని 1960ల చివరలో అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్ విడివిడిగా కనుగొన్నారు.

రోగక్రిములతో పోరాడవలసిన రక్షణ వ్యవస్థ పాల మాంసకృత్తులను శత్రువుగా పొరబడి ఐజి-ఇని తయారుచేస్తుంది. ఇది చర్మంలో, ప్రేగులలో, శ్వాసనాళాలలో ఉండే మాస్ట్ కణాలకు అంటుకుని కాచుకుని ఉంటుంది. మళ్ళీ పాలు తాగగానే ఆ కణాలు హిస్టమిన్ మొదలైన పదార్థాలను వదులుతాయి. కొద్ది నిమిషాల నుండి రెండు గంటల లోపల దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, పిల్లికూతలు కనిపిస్తాయి. ఆయాసం వచ్చినా, గొంతు పూడినా, బిడ్డ సోలిపోయినా అది ప్రాణాపాయ స్థితి.

ఐజి-ఇతో సంబంధం లేని రకం కూడా కలదు. ఇందులో లక్షణాలు కొన్ని గంటలకో, రోజులకో కనిపిస్తాయి. చంటిబిడ్డ విరేచనంలో రక్తం పడటం, వాంతులు, బరువు పెరగకపోవడం వంటివి ఉంటే వైద్యునికి చూపించాలి.

కాచితే పోదా? మేకపాలు పడతాయా?

ఈ ప్రశ్నలు మనవారు తప్పక అడుగుతారు. పాలు కాచినా కేసీను చెడదు కనుక ఎలర్జీ పోదు. తోడుపెట్టినా మాంసకృత్తులు పెరుగులో ఉంటాయి. నేతిలో దాదాపు కొవ్వే ఉన్నా, కాస్త మాంసకృత్తుల జాడ మిగలవచ్చు. గేదెపాలు, మేకపాలు ఆవుపాలను చాలా వరకు పోలి ఉంటాయి గనుక ఆవుపాలు పడని వారిలో చాలామందికి అవీ పడవు. తల్లిపాలు మాత్రం మాన్పించరాదు. అవసరమైతే తల్లి ఆహారంలో మార్పులను వైద్యుడు చెబుతాడు.

పరీక్ష, చికిత్స

లాక్టోమీటరు అంకె ఒక్కటి చూసి పాలలో నీళ్ళు కలిశాయని మనం తీర్పు చెప్పం గదా! అలాగే చర్మంపై చేసే సూది పరీక్షలో గాని, రక్తపరీక్షలో గాని ఐజి-ఇ కనిపించినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. ఏమి తిన్నాక, ఎంతసేపటికి, ఏమయిందో వైద్యునికి వివరంగా చెప్పాలి. సందేహం తీరకపోతే ఆసుపత్రిలో కొద్దికొద్దిగా తినిపించి చూస్తారు. ఈ పరీక్షను ఇంట్లో చేయకూడదు.

జబ్బు రూఢి అయితే పాలు, పాల పదార్థాలు మానడమే మొదటి చికిత్స. బిడ్డ పోషణకు బదులు ఆహారాన్ని వైద్యుని సలహాపై ఏర్పాటు చేయాలి. సున్నపు ధాతువు కోసం రాగులు మంచివి. ప్రాణాపాయ స్థితిలో తొడ వెలుపలి కండరానికి ఇచ్చే అడ్రినలిన్ ఇంజక్షనే ప్రధాన మందు. దద్దుర్ల మాత్ర దానికి బదులు కాదు. రోగిని పడుకోబెట్టి, ఆయాసముంటే కూర్చోబెట్టి, వెంటనే 108కు ఫోను చేయాలి. తగ్గినట్టు కనిపించినా కొన్ని గంటలకు మళ్ళీ రావచ్చును గనుక ఆసుపత్రిలో ఉండాలి.

పాల ఎలర్జీ ఉన్న పిల్లలలో ఎక్కువమందికి బడి ఈడు వచ్చేసరికి అది తగ్గిపోతుంది. తగ్గనివారికి అతి స్వల్ప మోతాదుతో మొదలుపెట్టి క్రమంగా పెంచే చికిత్స ఉన్నది. ఐజి-ఇని అడ్డుకునే ఒమాలిజుమాబ్ ఇంజక్షనును ఆహార ఎలర్జీకి అమెరికా 2024లో అనుమతించింది. ఇవి నిపుణుల చేతిలో చేసేవే. “రోజూ ఒక చెంచా” అనే ఇంటి వైద్యానికీ, వీటికీ ఏ పోలికా లేదు.

సభ్యులు చేయవలసినవి

1. పొదుగువాపుకు పెన్సిలిన్ వంటి మందులు ఎక్కించినప్పుడు, పశువైద్యుడు చెప్పిన గడువు ముగిసే దాకా ఆ పాలు సంఘానికి పోయరాదు. ఆ మందుకు ఎలర్జీ ఉన్నవారికి పాలలోని శేషం కూడా హాని చేయవచ్చు. నాలుగు పూటల పాల డబ్బు పోతుందని మనసు పీకుతుంది, నిజమే. కాని మన క్యాను కలిసేది ఊరందరి పాలతో.

2. ఆహారపు పొట్లాల మీద పాలు ఉన్న సంగతి తెలపాలని 2020 నాటి లేబులింగు నిబంధనలు చెబుతున్నాయి. మనం అమ్మే సరుకులో ఆ ముద్ర సరిగా ఉన్నదో లేదో చూడండి.

3. పెళ్ళిలో, పేరంటంలో ఏ తల్లి అయినా “మా బిడ్డకు పాలు పడవు” అంటే, కోవా ముక్క చేతిలో పెట్టి బలవంతం చేయకండి. బిడ్డకు పడేదేమిటో ముందు ఆమెనే అడగండి.

పాలు అమృతమని మనమందరం నమ్ముతాం. అది ఎవరికి పడదో తెలిసి చెప్పగలిగినప్పుడే మన మాటనూ, మన పాలనూ జనం నమ్ముతారు.