పసిపిల్లలకు చీజ్ ఎప్పుడు పెట్టొచ్చు? తరచూ అడిగే ప్రశ్నలు

ప్రశ్న: మా పాపకు ఏడో నెల. చీజ్ పెట్టొచ్చా?

పెట్టొచ్చు. ఆరు నెలలు నిండి ముద్దలు అలవాటవుతున్న బిడ్డకు, పాశ్చరైజ్ చేసిన పాలతో తయారైన చెడ్డార్, క్రీమ్ చీజ్, కాటేజ్ చీజ్ కొంచెం కొంచెంగా పెట్టవచ్చని బ్రిటన్‌లోని ఎన్‌హెచ్‌ఎస్ చెబుతోంది. "ఏడాది దాకా ఆవుపాలు వద్దన్నారుగా!" అని ఇంట్లో పెద్దవాళ్లు అడ్డుపడొచ్చు. తల్లిపాలకు బదులుగా ఆవుపాలు తాగించొద్దనే ఆ మాటకు అర్థం. అన్నంలో కలిపే చిటికెడు తురుముకు అది వర్తించదు. ముక్కలుగా మాత్రం ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి. పాలు పడని బిడ్డయితే ముందు డాక్టర్‌ని అడగాలి.

ప్రశ్న: ఏవి పెట్టకూడదు?

పచ్చి పాలతో చేసినవేవీ వద్దు. బ్రీ, కామెంబెర్, మెత్తటి బ్లూ చీజ్ లాంటి బూజుతో పక్వమైన రకాలైతే పాశ్చరైజ్ చేసిన పాలవైనా వద్దు. భయం లిస్టీరియా అనే బ్యాక్టీరియాతో. అది ఫ్రిజ్ చలిలోనూ పెరుగుతుంది. 1985లో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో మెక్సికన్ తరహా మెత్తటి చీజ్ వల్ల 142 మందికి ఈ జబ్బు సోకింది. చనిపోయిన 48 మందిలో 30 మంది కడుపులోని బిడ్డలు, అప్పుడే పుట్టిన పిల్లలే. తల్లి తిన్న చీజే బిడ్డ ప్రాణం మీదికి తెచ్చింది. అందుకే గర్భిణులకూ ఇదే జాగ్రత్త. ఇవే రకాలను వంటలో వేసి, పొగలు కక్కేదాకా ఉడికిస్తే లిస్టీరియా చస్తుంది.

ప్రశ్న: అమెరికాలో ఉంటున్నాం. ఇక్కడ పచ్చి పాల చీజ్ చట్టబద్ధంగానే అమ్ముతున్నారు కదా?

అమ్ముతారు. కనీసం 60 రోజులు మాగబెట్టాలన్నది అక్కడి నిబంధన. ఆ గడువు దాటినా క్రిములు బతికి ఉండొచ్చు. అమ్మకానికి అనుమతి ఉందంటే పసిబిడ్డకు పెట్టొచ్చని కాదు. ఐరోపాలో పచ్చి పాలతో చేసిన చీజ్ మీద ఆ మాట రాసి తీరాలి, అక్కడ కొనేవాళ్లకు గుర్తుపట్టడం తేలిక.

ప్రశ్న: పిల్లలు అడిగే స్లైసులో?

క్రిముల కన్నా ఉప్పుతోనే పేచీ. ప్యాకెట్ మీద 100 గ్రాములకు 1,200 మిల్లీగ్రాముల సోడియం ఉందనుకోండి. 20 గ్రాముల స్లైసులో 240 మిల్లీగ్రాములు. రెండున్నరతో గుణిస్తే 0.6 గ్రాముల ఉప్పు. ఏడాది లోపు బిడ్డకు రోజు మొత్తానికీ ఉప్పు ఒక గ్రాము దాటకూడదు. ఒక్క స్లైసుతోనే సగం పైన అయిపోయింది! నన్నడిగితే ఏడాది లోపు స్లైసుల జోలికే వెళ్లొద్దు.

ప్రశ్న: పనీర్?

ఇంట్లో పాలు మరిగించి విరగ్గొట్టి, అప్పటికప్పుడు చిదిమి పెట్టేది అన్నిటికన్నా మేలు. విడిగా అమ్మే పనీర్‌ను ఎవరి చేతులు తాకాయో, ఏ నీళ్లలో నానిందో! ఉడికించాకే పెట్టండి.

ప్రశ్న: కొనేవాళ్లుగా మన హక్కులేంటి?

మన దేశంలో ప్యాకెట్ మీద దినుసులు ఎక్కువ నుంచి తక్కువ వరుసలో ఉండాలి. సోడియం, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబరు కనబడాలి. దినుసుల్లో పామాయిల్ కనిపిస్తే అది అసలు చీజ్ కాదు. అనుమానం వస్తే 2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ కింద మీరే ఫీజు కట్టి పరీక్ష చేయించవచ్చు. కొనేటప్పుడే ఆ సంగతి దుకాణదారుకు చెప్పాలి. సరుకు చట్టానికి విరుద్ధమని తేలితే కట్టిన ఫీజు వాపసు వస్తుంది.