ఇంటివద్ద కనిపించిన పామును గుర్తించుట ఎట్లు?



మృగశిర కార్తె ప్రవేశించి రెండు వానలు కురిసినవి. రాత్రి పశువులకు మేత వేయుటకు మీరు కొట్టములోనికి పోయితిరి. లైటు వెలుతురున గోడవారగా, నల్లని ఒంటిపై తెల్లని కట్లు గల పాము ఒకటి కదలుచున్నది. అది కట్లపామా? లేక కట్లపామును పోలిన విషము లేని పామా? కేక విని పరుగున వచ్చిన నలుగురు నాలుగు పేర్లు చెప్పుదురు. ఒకరు కఱ్ఱ తెమ్మందురు, ఒకరు "అది ఏమియు చేయదు, పోనిండు" అందురు. ఈ రెండు మాటలలో ఏది పొరపాటైనను నష్టము మీదే.

మన దేశములో 2000 నుండి 2019 వరకు పాముకాటు వలన సుమారు 12 లక్షల మంది మరణించిరని 2020లో ప్రకటింపబడిన ఒక పరిశోధన లెక్కకట్టినది. అనగా ఏటికి సగటున 58 వేల మంది. వీరిలో అధికులు పల్లెవాసులు. మరణములు వానకాలమున, జూన్ నుండి సెప్టెంబరు వరకు, హెచ్చుగ జరిగినవి. తెలంగాణతో కూడిన నాటి ఆంధ్రప్రదేశ్ కూడ ఈ మరణములు అధికముగ గల రాష్ట్రములలో నొకటి. కనుక ఇంటి చుట్టును తిరుగు పాములను గూర్చి ప్రతి రైతు కుటుంబమునకు కొంత తెలివిడి అవసరము.

మొదట ఎక్కడ నిలువవలెను?

పామును గుర్తించుటకు దాని దగ్గరకు పోనక్కరలేదు. కనీసము పది అడుగుల దూరమున నిలిచి, పిల్లలను, కుక్కలను ఆవలకు పంపి, లైటు వేసి చూడవలెను. పామునకు పోవుటకు త్రోవ విడువవలెను. చేత ఫోను ఉన్నచో ఆ దూరము నుండియే ఫొటో తీసికొనవచ్చును. చచ్చిన పామునైనను చేతితో ముట్టరాదు. తెగిన తల కూడ కొంతసేపటి వరకు కరవగలదు.

చూచునపుడు ఐదు సంగతులు గమనింపుడు: (1) పొడవు, లావు, (2) తల మెడకంటె వెడల్పుగ నున్నదా, లేదా, (3) ఒంటిపై గుర్తులు కట్లా, మచ్చలా, అవి ఎచ్చట మొదలై ఎచ్చట స్పష్టముగ నున్నవి, (4) తోక పొడవా, పొట్టియా, (5) మిమ్ము చూచి అది ఏమి చేసినది. రంగును మాత్రము చూచి నిశ్చయింపరాదు. ఒకే జాతి పాము ఒకచోట నల్లగను, మరొకచోట గోధుమ వన్నెగను ఉండును.

కట్లపాము – దాని పోలిక గల పాము

కట్లపాము నిగనిగలాడు నలుపు లేక నీలిచాయ గల నలుపు రంగున ఉండును. పొడవు సాధారణముగ మూడడుగులు. ఒంటిపై సన్నని తెల్లని కట్లు పెక్కుచోట్ల జంటజంటలుగ నుండును. ఈ కట్లు తోకవైపు స్పష్టముగ నుండి, తలవైపు పోవుకొలది చుక్కలుగ మారును, లేదా కనిపింపకుండ పోవును. వెన్నెముక వెంట ఉన్న పొలుసులు ప్రక్క పొలుసులకంటె పెద్దవిగ ఆరు మూలలతో నుండును. ఇది రాత్రి తిరుగు పాము.

దీనిని పోలిన చిన్న పాము ఒకటి ఇండ్లలో బల్లులను వెదకుచు గోడలెక్కి తిరుగును. దాని ముందుపండ్లను బట్టి శాస్త్రజ్ఞులు దానిని తోడేలు పాము అందురు. పల్లెలలో చాలచోట్ల దీనిని కూడ కట్లపామనియే పిలుతురు. దీనికి విషము లేదు. ఇది సాధారణముగ అడుగున్నర, రెండడుగులకు మించదు. రంగు గోధుమ వన్నె. కట్లు మెడవద్ద వెడల్పుగ, స్పష్టముగ మొదలై తోకవైపు మాసిపోవును.

కనుక కట్లు తోకవైపు స్పష్టముగ నున్నచో కట్లపాము, మెడవైపు స్పష్టముగ నున్నచో తోడేలు పాము అని స్థూలముగ చెప్పవచ్చును. కాని కట్లపాము పిల్లలకు ఒకొక్కప్పుడు మెడ మొదలు కట్లుండును. ముదిరిన కట్లపామునకు కట్లు దాదాపు కనిపింపకపోవచ్చును. కాబట్టి ఈ సూత్రమును నమ్మి పామును చేతపట్టరాదు. అనుమానమున్నంతవరకు అది కట్లపామే అని ఎంచవలెను.

నాగుపాము – జెర్రిపోతు

పడగ విప్పిన నాగుపామును గుర్తుపట్టని వారుండరు. చిక్కు పడగ విప్పనప్పుడే వచ్చును. ధాన్యపు గాదె క్రింద ఎలుక కొరకు పోవు నాగుపాము పడగ ముడుచుకొనియే పోవును. అప్పుడు అది జెర్రిపోతువలె కనిపించును.

జెర్రిపోతు, కొన్నిచోట్ల జెర్రిగొడ్డు, ఆరేడు అడుగుల వరకు పెరుగును. నాగుపాము సాధారణముగ నాలుగైదు అడుగులు. జెర్రిపోతు కండ్లు పెద్దవి, మెడ సన్నము, పెదవులపై నిలువు నల్లగీతలుండును. ఒంటి వెనుక భాగమున నల్లని వలవంటి చారలుండును. పగటివేళ తిరుగుచు, మనిషి అలికిడికి అతివేగముగ పారిపోవును. నాగుపాము తల మెడతో దాదాపు కలిసిపోయి గుండ్రముగ నుండును. బెదిరినచో నిలిచి తల ఎత్తును. తల ఎత్తినపుడు గొంతు క్రింద అడ్డముగ నల్లని పట్టీలు కనిపించును.

జెర్రిపోతు నాగుపామునకు మగది అను మాట నిజము కాదు. రెండును వేరువేరు జాతులు. రెండింటను ఆడ, మగ పాములున్నవి. పొలము గట్టున రెండు పాములు పెనవేసికొని లేచుట చూచి జంట కట్టినవందురు. పెక్కుమార్లు అవి బలము పరీక్షించుకొను రెండు మగ జెర్రిపోతులు. జెర్రిపోతు ఆవు కాళ్లకు చుట్టుకొని పాలు త్రాగును అనుటయు వట్టిమాట. విషము లేని ఈ పాము రైతు గాదెను, చేనును ఎలుకలనుండి కాపాడును. దీనిని చంపిన రైతు తన ధాన్యమునకు తానే నష్టము తెచ్చుకొనుచున్నాడు.

వరిమళ్లలోను, చెరువుల వద్దను కనిపించు నీరుకట్టె కూడ కోపము వచ్చినపుడు మెడను చదునుచేసి చిన్న పడగవలె చూపును. ఒంటిపై చదరంగపు గళ్లవంటి మచ్చలు, కంటి క్రింద రెండు నల్లగీతలు దీని గుర్తులు. ఇది చురుకుగ కరచును గాని విషము లేదు.

రక్తపింజరి – పోలిక గల పాములు

రక్తపింజరిని కొన్ని ప్రాంతములలో పొడపాము అందురు. విశాఖపట్నమున ఉండి పాములను పరిశీలించిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు 1796లో ప్రకటించిన కోరమాండల్ తీరపు పాముల గ్రంథములో దీని తెలుగు పేరు కాటుక రేకుల పొడ అని వ్రాసికొనెను. ఆ పేరే దీని గుర్తు. లావైన గోధుమ వన్నె ఒంటిపై, కాటుక దిద్దినట్లు నల్లని అంచులు గల కోలమచ్చలు మూడు వరుసలుగ, ఒకొక్కప్పుడు గొలుసువలె కలిసి ఉండును. తల ముక్కోణముగ, మెడ సన్నముగ నుండును. తోక పొట్టి. బెదిరినచో కొలిమితిత్తి ఊదినట్లు బిగ్గరగ బుసకొట్టును. కాని ప్రతిసారి బుసకొట్టి హెచ్చరించునని నమ్మరాదు. కుప్పల క్రింద, గడ్డిలో కదలక పడియుండి, కాలు పడినపుడు కరచును. ఇది గ్రుడ్లు పెట్టక పిల్లలనే కనును. ఒక ఈతలో 20 నుండి 40 వరకు పిల్లలు పుట్టవచ్చును. పిల్లకు కూడ పుట్టిననాటి నుండి విషముండును.

దీనికి పోలికగ ఇసుకనేలలలో తిరుగు బోవా పామును, చిన్న కొండచిలువను పొరబడుదురు. బోవా మచ్చలు అంచులు లేక చెదరియుండును, తోక మొద్దుగ నుండును, నడక మందము. కొండచిలువ మచ్చలు పెద్దవి, వంకరటింకరవి. చర్మము నున్నగ మెరయును. ఇట్లు పొరబడి రక్తపింజరిని కొండచిలువ పిల్లయని చేతపట్టుట మిక్కిలి ప్రమాదము.

నాలుగవ విషసర్పము చిన్న పింజరి. పొడవు అడుగు, అడుగున్నర మాత్రమే. రాతి నేలలలోను, మెట్ట పొలములలోను ఎక్కువ. తలపై బాణపు గుర్తువంటి తెల్లని మచ్చ ఉండును. బెదిరినచో చుట్టలు చుట్టుకొని గరుకు పొలుసులను ఒకదానితో నొకటి రాచి, రంపము కోసినట్లు శబ్దము చేయును. చిన్నది గదా యని తేలికగ చూడరాదు.

నమ్మరాని గుర్తులు

తల ముక్కోణమైనచో విషసర్పము, కానిచో కాదు అనుట తప్పు. నాగుపామునకు, కట్లపామునకు తల ముక్కోణముగ ఉండదు. రెండు కోరల గాట్లు పడినచో విషము, లేనిచో భయము లేదు అనుటయు తప్పు. కట్లపాము గాటు ఒకొక్కప్పుడు కంటికి కనిపింపదు, నొప్పియు ఉండదు. నేలపై పడుకొన్నవారిని ఇది నిద్రలో కరచును. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, రెప్పలు వాలుట, మాట ముద్దయగుట, మ్రింగుటకు కష్టము కనిపించినచో దానిని అజీర్ణమని ఉపేక్షింపక, పామును చూడకున్నను ఆస్పత్రికి కొనిపోవలెను. ఇచ్చట ఒక గంట ఆలస్యము ప్రాణముతో సమానము.

కాటు పడినచో

పామును వెదకుచు, చంపుచు కాలము పోగొట్టరాదు. మన దేశములో తయారగు విషహర ఇంజెక్షను పై నాలుగు పాముల విషమునకును కలిపి పనిచేయును. అందువలన పాము పేరు తెలియకున్నను వైద్యుడు లక్షణములను బట్టి చికిత్స చేయగలడు. రోగి నెత్తురు కొంచెము గాజు గొట్టములో తీసి 20 నిమిషములు కదపక ఉంచి, గడ్డకట్టినదా లేదా చూచి పింజరి విషమును కనిపెట్టుదురు.

కరచిన చోట కోయరాదు, నోటితో పీల్చరాదు, మంట పెట్టరాదు, త్రాటితో బిగించి కట్టరాదు. ఉంగరములు, గాజులు, మెట్టెలు, మొలత్రాడు తీసివేయవలెను. వాపు వచ్చిన పిదప అవి బిగియును. రోగిని నడిపింపక, విరిగిన ఎముకకు కట్టినట్లు ఆ కాలికి లేక చేతికి బద్ద ఆనించి కదలకుండ చేసి, 108కి ఫోను చేసి గాని, దొరికిన వాహనమున గాని, విషహర ఇంజెక్షను ఉన్న ఆస్పత్రికి చేర్చవలెను. మంత్రము, పసరు వైద్యము కొరకు దారిలో ఆగరాదు. విషము లేని పాము కరచినదని తోచినను వైద్యునికి చూపుటే క్షేమము. మీ మండలములో ఏ ఆస్పత్రిలో ఈ మందు నిలువ ఉన్నదో వానకాలమునకు ముందే విచారించి, ఇంటి గోడపై వ్రాసి పెట్టుకొనుడు.

పాము రాకుండ

పాము ఎలుక కొరకును, కప్ప కొరకును, చల్లని చీకటి కొరకును వచ్చును. కట్టెలు, పిడకలు, ఇటుకలు, పాతసామాను ఇంటిగోడకు ఆనించి పేర్చరాదు. ఎలుకబొరియలు పూడ్చవలెను. తూములకు జాలి అమర్చవలెను. చిందిన గింజలను, కోళ్ల గూటి వద్ద మిగిలిన దాణాను ప్రతిదినము ఊడ్చవలెను. గడ్డివామినుండి మేత తీయునపుడు ముందు కఱ్ఱతో తట్టి, పిమ్మట చేయి పెట్టవలెను. రాత్రి లైటు లేక, చెప్పులు లేక బయటికి పోరాదు. పొలములో బూట్లు తొడుగుట మేలు. మంచముపై పడుకొని, దోమతెర అంచులను పరుపు క్రింద దోపుకొన్నచో కట్లపాము భయము చాలవరకు తప్పును.

ఇంటిలో పాము దూరినచో గది తలుపు మూసి, తలుపు క్రింది సందున గుడ్డ దూర్చి, అటవీశాఖవారికి గాని, శిక్షణ పొందిన పాములు పట్టువారికి గాని కబురు చేయవలెను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము పాములకును రక్షణ ఇచ్చుచున్నది. అది కాక, చంపబోయి కాటు తినుట కూడ తరచు జరుగుచున్నది.

మరల జ్ఞప్తికి తెచ్చుకొనుడు

పుస్తకము మూసి, ఇంటిలోని వారిని కూర్చుండబెట్టి ఈ ప్రశ్నలు అడుగుడు:

1. కట్లు తోకవైపు స్పష్టముగ నున్న పాము ఏది? మెడవైపు స్పష్టముగ నున్నది ఏది?
2. జెర్రిపోతు పెదవులపై ఏమి గుర్తుండును?
3. నల్లని అంచులు గల కోలమచ్చలు మూడు వరుసలుగ నున్నచో అది ఏ పాము?
4. తెల్లవారుజామున రెప్పలు వాలి, మాట ముద్దయైనచో ఏమి చేయవలెను?
5. మనకు దగ్గరలో విషహర ఇంజెక్షను ఎచ్చట దొరకును?

మొదటి మూడు ప్రశ్నలకు జవాబు తప్పినను పరవాలేదు, దూరమున నిలిచినచో ప్రమాదము లేదు. చివరి రెండింటికి మాత్రము ఇంటిలోని పసివానితో సహా అందరును తడుముకొనక జవాబు చెప్పవలెను.