నడుము బెణుకు, కండరాల పట్టు

వెన్నెముకలో 33 వెన్నుపూసలు ఉంటాయి. శరీర బరువులో ఎక్కువ భాగాన్ని మోసేవి నడుము భాగంలోని 5 కటి వెన్నుపూసలే కనుక గాయాలు ఎక్కువగా ఇక్కడే అవుతాయి.

ఎముకను ఎముకతో కలిపే లిగమెంట్ సాగినా చిరిగినా బెణుకు అంటారు. కండరానికి గానీ, దాన్ని ఎముకతో కలిపే టెండాన్‌కు గానీ అదే జరిగితే కండరాల పట్టు. రెండింటి లక్షణాలూ దాదాపు ఒకటే: నొప్పి, బిగుసుకుపోవడం, వంగలేకపోవడం. చికిత్స కూడా దాదాపు ఒకటే. వంగి బరువెత్తడం, ఒక్కసారిగా నడుము తిప్పడం ముఖ్య కారణాలు.

మొదటి రెండు మూడు రోజులు ఐస్‌తో కాపడం, ఆ తర్వాత వేడి కాపడం ఉపశమనమిస్తాయి. ఐస్‌ను గుడ్డలో చుట్టే వాడాలి. అవసరమైతే డాక్టర్ సలహాతో ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు వాడవచ్చు. వారాల తరబడి మంచం పట్టడం మేలు చేస్తుందన్న పాత నమ్మకం తప్పు. ఒకటి రెండు రోజులకు మించిన విశ్రాంతి కండరాలను బలహీనపరుస్తుంది. మెల్లగా నడవడమే మంచి మందు. చాలామందికి కొద్ది వారాల్లోనే తగ్గిపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం 2020లో ప్రపంచవ్యాప్తంగా 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడ్డారు.

నడుము నొప్పితో పాటు కాళ్లలో బలహీనత, తొడల మధ్య తిమ్మిరి, మూత్రంపై అదుపు తప్పడం, జ్వరం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.