గోడలో చెమ్మ ఎక్కడిది?

అమెరికాలో ఇల్లు కొనేటప్పుడు మనవాళ్ళు స్కూళ్ళు ఎలాంటివి, వాకిలి తూర్పుకి ఉందా, వంటింట్లో గ్రానైటు వేశారా అని శ్రద్ధగా చూస్తారు. గోడలో ఏముందని అడిగేవాళ్ళు తక్కువ. బూజు పట్టేదీ, కర్ర కుళ్ళేదీ, వేల డాలర్లు ఖర్చు పెట్టించేదీ మాత్రం అక్కడే. నన్ను మిత్రులు తరచు అడిగే ప్రశ్న ఒకటుంది: "గోడల్లో ఇన్సులేషన్ నింపిస్తే చెమ్మ పడుతుందా?"

జవాబు చెప్పాలంటే ముందు గోడ కట్టుబడి తెలియాలి. మన ఊళ్ళో గోడంటే తొమ్మిదంగుళాల ఇటుక. వానకి తడుస్తుంది, ఎండకి ఆరుతుంది. ఇక్కడి గోడ పొరలు పొరలుగా ఉంటుంది. లోపల డ్రైవాల్, దాని వెనక సాధారణంగా 16 అంగుళాలకొకటి చొప్పున నిలువు కర్రలు, వాటి మధ్య ఫైబర్‌గ్లాస్ దూది, ఆపైన చెక్క పలకలు, నీరు దిగకుండా ఒక పొర, చివర సైడింగో ఇటుకో.

ఇన్సులేషన్ నీటిని పుట్టించదు. అయితే వేడిని ఆపుతుంది కనుక చలికాలంలో బయటి చెక్క మరింత చల్లబడుతుంది, తడిస్తే ఆరడానికి ఎక్కువ కాలం పడుతుంది. ఇంట్లో 70 డిగ్రీల ఫారెన్‌హీట్, 50 శాతం తేమ ఉన్న గాలి సుమారు 50 డిగ్రీలకి చల్లబడితే చాలు, అందులోని ఆవిరి నీరవుతుంది. చల్లటి సోడా సీసాకి చెమట పట్టినట్టే. చికాగోలో జనవరి నెలలో ఆ చెక్క ఇంకా ఎంతో చల్లగా ఉంటుంది.

ఆ గాలి అక్కడికి ఎలా చేరుతుంది? కన్నాల గుండా. ఈ రంగంలో తరచు చెప్పే లెక్క ఒకటుంది. చలి ప్రాంతంలో 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు డ్రైవాల్ పలకలోంచి శీతకాలమంతా ఇంకిపోయే నీరు క్వార్టులో మూడోవంతు. అదే పలకకి ఒక చదరపు అంగుళం కన్నముంటే గాలితో పోయేది 30 క్వార్టులు! అందుకే ముందు స్విచ్చుల చుట్టూ, పైపుల చుట్టూ సందులు మూయాలి.

ఆవిరి వెళ్ళే దిక్కు కూడా ఊరినిబట్టి మారుతుంది. చికాగోలో చలికాలం లోపలినుంచి బయటికి, హ్యూస్టన్‌లో వేసవిలో బయటినుంచి లోపలికి. కనుక చికాగోలో డ్రైవాల్ వెనక ఆవిరిని అడ్డే పొర మేలు చేస్తుంది. హ్యూస్టన్‌లో అక్కడే ప్లాస్టిక్ పట్టా వేస్తే, ఏసీతో చల్లబడ్డ ఆ పట్టా మీదే నీరు చేరుతుంది. వినైల్ వాల్‌పేపర్ చేసే పనీ అదే.

వీటన్నిటికన్నా పెద్ద శత్రువు వాన. నార్త్ కరోలినాలోని విల్మింగ్‌టన్‌లో 1990ల మధ్యలో బయటపడ్డ సంగతి చూడండి. ఫోమ్ పలకలమీద పల్చటి పూత పూసిన సింథటిక్ స్టకో ఇళ్ళలో కిటికీల మూలల్లోంచి వాననీరు దిగింది. బయటికి పోయే దారి లేక లోపలి చెక్క కుళ్ళింది. ఇటుక ఇళ్ళలో ఆ దారి ఉంటుంది. ఇటుకకీ చెక్కకీ మధ్య అంగుళం ఖాళీ, అడుగు వరుసలో సిమెంటు పెట్టకుండా వదిలిన సందులు. చీమలొస్తున్నాయని ఆ సందులు మూసేసేవాళ్ళున్నారు. దయచేసి మూయకండి. ఆ ఖాళీలో ఫోమ్ కూడా నింపించకండి.

పాత ఇంటి గోడల్లో ఇన్సులేషన్ ఊదించే ముందు కప్పు, కిటికీల అంచులు, గట్టర్లు చూపించండి. కారేవి బాగుచేయించి, తడిసినవి ఆరాకే నింపించండి. పది డాలర్లకి దొరికే తేమ మీటరు ఒకటి కొనుక్కోండి, 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. సాంబారు మరిగేటప్పుడు, కుక్కరు కూసేటప్పుడు ఫ్యాను వేయండి. అది ఆవిరిని ఇంటి బయటికి పంపుతోందో, తిప్పి మన మొహానే ఊదుతోందో కూడా చూసుకోండి. ఎక్కడైనా తడిస్తే 24 నుంచి 48 గంటల్లోపల ఆరబెట్టాలి, ఆలస్యమైతే బూజు మొదలవుతుంది.

ఇక మిత్రుల ప్రశ్నకి నా జవాబు: తడిసిన గోడ ఆరే దారి ఉంచి నింపిస్తే భయం లేదు. ఆ దారి మూసి నింపిస్తే కరెంటు బిల్లులో మిగిలినదంతా వడ్రంగికి ఇచ్చుకోవాలి.