'టేక్' అను క్రియ

ఆంగ్లమున 'టేక్' అను క్రియకు 'తీసికొను' అను ఒక్క అర్థమునే వల్లించిన విద్యార్థులు అడుగడుగునకు తడబడుచుండుట మేము తరగతిలో చూచుచున్నాము. ఆంగ్లేయులు మందును, బస్సును, పరీక్షను, సెలవును గూడ 'టేక్' చేయుదురు. మనమో, మందు వేసికొందుము, తిరుత్తణిలో బస్సెక్కి తిరువళ్లూరు పోదుము, పరీక్ష వ్రాయుదుము, సెలవు పెట్టుదుము. తమిళమున మందునకు 'సాప్పిడు' అందురు, అనగా తిందురు! 'ఇట్ టేక్స్ యాన్ అవర్' అన్నచోట 'గంట పట్టును' అనవలెను. ఇంత చక్కని 'పట్టు'ను విడుచుట తగదు.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రమున చేరెను. 2006 నాటి చట్టము పాఠశాలలలో తమిళమును నిర్బంధము చేసెను. మూడు భాషల నడుమ మొదట జారిపోవునవి ఇట్టి క్రియలే. బాలుడు ఇంట 'బస్సు తీసికొని వచ్చితిని' అన్నచో తల్లిదండ్రులు నవ్వి ఊరకుండక, 'ఎక్కి' అని దిద్దవలెనని కోరుచున్నాము.