శ్రవ్యగ్రంథముగా నవలను వినుట

బాలుఁడు పెరిగి పెద్దవాఁడగు వృత్తాంతమును దెలుపు నవలలు ఆంగ్లమున ననేకములు గలవు. అందు చార్లెసు డికెన్సు రచించిన ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ మిక్కిలి ప్రసిద్ధము. ఆయన తాను నడుపుచుండిన వారపత్రికయందు దీనిని 1860 డిసెంబరు మొదలు 1861 ఆగస్టు వఱకు భాగములుగాఁ బ్రకటించెను. నేఁడు దీనిని శ్రవ్యగ్రంథముగా వినవచ్చును.

ఈ కథను పిప్ అనువాఁడే చెప్పును. తలిదండ్రులు లేని యతనిని అక్క మగఁడగు జో అను కమ్మరి మిక్కిలి ప్రేమించెను. పిమ్మట ధనము చేకూరి పిప్ లండనున నివసించుచుండఁగా, జో యతనిని జూడవచ్చును. పిప్ సిగ్గుపడును. జో యొకమాఱు ‘పిప్’ అనియు, మఱియొకమాఱు ‘సర్’ అనియుఁ బిలుచును. పుటలో ‘సర్’ అనునది చిన్న మాట. పఠించువాఁడు దానిని దడఁబాటుతోఁ బలికినచో, వారిద్దఱి నడుమ నేర్పడిన దూరము మన హృదయమును దాఁకును.

తప్పు చేసిన పిప్ యువకుఁడు; దానిని జెప్పి పశ్చాత్తాపపడు పిప్ వయసు మీఱినవాఁడు. ఒక్క కంఠమున నీ రెండు వయసులును వినఁబడవలెను. నా యభిప్రాయమున నుత్తమ పఠనమునకు గుఱుతు ఇదియే.

అయినను వినుటయం దొక యపాయము గలదు. పఠించువాఁడు జో మాటలను వెక్కిరింతగాఁ బలికినచో మనమును నవ్వుదుము. పిప్ చేసిన తప్పునే చేసినవారమగుదుము. కావున, విద్యార్థులారా! ఈ నవలను వినుఁడు. పిమ్మట 27వ ప్రకరణమును మీరే మెల్లగాఁ జదువుఁడు. జోను గూర్చిన తీర్పు పరుల కంఠమునకు విడువఁదగినది గాదు.