అంతర్జాలము - అదబు

ఉర్దూలో 'అదబ్' అనే మాటకు రెండర్థాలున్నవి. ఒకటి సాహిత్యము, రెండవది మర్యాద. నలుగురిలో మాటలాడే తీరు తెలియనిదే విద్య సంపూర్ణము కాదన్న భావన ఆ ఒక్క మాటలోనే ఇమిడి ఉన్నది. నేడు మనమందరమూ నిత్యము మసలుతున్న అంతర్జాలానికి కూడా ఒకప్పుడు ఇటువంటి అదబు ఉండేది. అది ఎట్లు ఏర్పడినది, ఎందువలన సడలినది అన్న విషయాన్ని క్లుప్తంగా పరిశీలింతము.

అంతర్జాలానికి మూలమైన ఆర్పానెట్ 1969లో అమెరికాలో ప్రారంభమైనది. చాలాకాలము అది విశ్వవిద్యాలయాలకు, పరిశోధనాలయాలకు పరిమితమై ఉండెను. 1980లో అక్కడి విద్యార్థులే యూజ్‌నెట్ అనే చర్చావేదికను నెలకొల్పిరి. ఏటా సెప్టెంబరులో కళాశాలలు తెరవగానే కొత్త విద్యార్థులు అందులో ప్రవేశించి, తెలియక తప్పులు చేసేవారు. పాతవారు మందలించి దారి చూపేవారు. కొన్ని వారాలలో కొత్తవారికి ఆ పద్ధతి అలవడేది. 1993-94 ప్రాంతంలో వాణిజ్య సంస్థలు తమ చందాదారులందరికీ ఆ ద్వారము తెరిచినవి. వచ్చేవారి రాక ఆగలేదు, నేర్పేవారు చాలలేదు. 1993 సెప్టెంబరు నేటికీ ముగియలేదని పాతవారు చమత్కరించుట అందువలననే.

1995 అక్టోబరులో శాలీ హేంబ్రిడ్జ్ అనే ఆమె కూర్చిన మర్యాద సూత్రావళి వెలువడినది. ఏ బృందములోనైనా ఒకటి రెండు నెలలు చదివిన తరువాతనే వ్రాయవలెననీ, ఎవరు రెచ్చగొట్టినా ఆవేశముతో బదులీయరాదనీ, గొలుసు ఉత్తరాలను పంపనే రాదనీ అందులో చెప్పబడినది. మన దేశంలో సామాన్యునికి ఇంటర్నెట్ అందినది కూడా ఆ ఏడాది ఆగస్టు 15వ తేదీననే.

అయితే పాతకాలమంతా స్వర్ణయుగమని మేము చెప్పబోము. అప్పుడూ తగవులుండేవి. పైగా అది ఇంగ్లీషు వచ్చిన కొద్దిమంది లోకము. నేడు మన తెలుగును, ఉర్దూను వాటి లిపులలోనే వ్రాసి ప్రపంచానికి పంపగలుగుతున్నాము. ఇది సామాన్యమైన మేలు కాదు.

కాని ఒక ముఖ్యమైన మార్పును గమనింపవలెను. ఆనాడు బదులు చెప్పుటకు కొంత ఆలోచించి, కొంత వ్రాయవలసి ఉండేది. 2009లో ఫేస్‌బుక్ లైక్ బొత్తామును, ట్విట్టర్ రీట్వీటును ప్రవేశపెట్టినవి. వ్రాయకయే మెచ్చుటకు, ఆలోచింపకయే పంచుటకు వీలు కలిగినది. ఒకనాడు నిషిద్ధమైన గొలుసు ఉత్తరమే నేడు 'ఫార్వర్డు' పేరుతో ఇంటింటా తిరుగుచున్నది.

దాని ఫలితము ఎంత ఘోరమో 2018లో చూచితిమి. పిల్లలను ఎత్తుకొనిపోయే ముఠాలు తిరుగుచున్నవన్న వదంతులు ఫోన్లలో వ్యాపించినవి. ఆ జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రెయిన్‌పాడా గ్రామములో ఐదుగురు నిరపరాధులను జనము కొట్టి చంపిరి. అటువంటి ఘటనల తరువాత ఆ నెలలోనే వాట్సాప్ సంస్థ, ఒక సందేశాన్ని మన దేశంలో ఒక్కసారికి ఐదు చోట్లకు మించి పంపరాదని కట్టడి చేసినది.

యంత్రము చేయగలిగిన కట్టడి అంతవరకే. ఆ మాట నిజమా, అది ఎవరికైనా కీడు చేయునా అని విచారించుట మన పని. పూర్వము పాతవారు కొత్తవారికి నేర్పినట్లు, నేడు ఆ బాధ్యత చదువుకొన్నవారిపై ఉన్నది. ఇంటిలో పెద్దలు ఒక వదంతిని నమ్మి చూపినపుడు, వారిని నొప్పింపక నిజము విడమరచి చెప్పగల విద్యార్థియే అదబును రెండర్థాలలోనూ అభ్యసించినవాడు.